ఏడు సీట్ల బండి, 20 అడుగుల వీధి

షోరూమ్‌లో ఏడు సీట్ల బండి చూసేటప్పుడు ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చుంటారు. వెనక వరసలో పిల్లలు, మధ్యలో అమ్మమ్మా తాతయ్యా, ముందు నడిపేవాళ్ళు. అందరికీ చోటు సరిపోయిందని తేలాక అడ్వాన్సు కడతారు. ఆ బండి ఇంటికొచ్చి నిలబడే చోటు ఎంతో మాత్రం చాలామంది కొలవరు. విజయవాడ పటమటలాంటి పేటలో అసలు లెక్క అక్కడే ఉంది.

ముందు గంటలు లెక్కేద్దాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే సొంత బండి అనుకోండి. ఊళ్ళోనూ హైవే మీదా కలిపి సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లు వేసుకుంటే, అది కదిలేది 333 గంటలు. ఏడాదిలో ఉన్నవి 8,760 గంటలు. అంటే నూటికి 96 వంతుల కాలం బండి ఎక్కడో ఒకచోట ఆగే ఉంటుంది. మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంది, వెనక వరసకు ఏసీ తగులుతుందా అని మనం అడిగే ప్రశ్నలన్నీ మిగతా నాలుగు వంతుల గురించే.

బండ్లు ఎంత పెరిగాయో చూస్తే ఈ ఇబ్బంది మూలం తెలుస్తుంది. మారుతీ 800 పొడవు 3,335 మిల్లీమీటర్లు, వెడల్పు 1,440. పెద్ద బండి అని అందరం అనుకున్న అంబాసిడర్ పొడవు 4,325, వెడల్పు 1,662. ఇప్పుడు ఏడు సీట్ల బండ్లలో ఎక్కువమందికి అందుబాటులో ఉన్న ఎర్టిగా పొడవు దాదాపు 4,400, వెడల్పు 1,735. అనంతపురం సీమలో పెనుకొండ దగ్గర తయారవుతున్న కియా కారెన్స్ పొడవు 4,540, వెడల్పు 1,800. ఇన్నోవా క్రిస్టాకు వచ్చేసరికి పొడవు 4,735, వెడల్పు 1,830. దాని తర్వాత 2022 చివర్లో వచ్చిన హైక్రాస్ 4,755 దాకా సాగింది. ఎక్స్‌యూవీ 700 వెడల్పు 1,890, స్కార్పియో ఎన్ 1,917, సఫారీ 1,922. ఇవన్నీ సైడ్ అద్దాలు కలపని కొలతలు. అద్దాలు తెరిస్తే రెండు వైపులా కలిపి ఇంకో జానెడు వేసుకోవాలి.

క్రిస్టా నేల మీద ఆక్రమించేది 8.67 చదరపు మీటర్లు, మారుతీ 800 ఆక్రమించేది 4.8. దాదాపు రెట్టింపు. మన వీధులు మాత్రం ఈ ముప్పై నలభై ఏళ్ళలో ఒక్క అడుగు కూడా పెరగలేదు.

వీధి కొలత

1985 దాకా పటమట గ్రామ పంచాయతీ. గుణదల, భవానీపురం పంచాయతీలతో పాటు ఆ ఏడాది విజయవాడ నగర పాలక సంస్థలో కలిసింది. ఇళ్ళ మధ్య దారులు అప్పటికే పడిపోయి ఉన్నాయి. సైకిలుకూ స్కూటరుకూ రిక్షాకూ అవి చక్కగా సరిపోయేవి. ఆ తర్వాత ఒక్కో పెంకుటిల్లూ డాబా అయింది, డాబా స్థలంలో గ్రూప్ హౌస్ లేచింది, ఒక కుటుంబం ఉన్న చోట పది కుటుంబాలు వచ్చాయి. 2011 జనాభా లెక్కల నాటికి 61.88 చదరపు కిలోమీటర్ల విజయవాడలో పది లక్షల మందికి పైగా ఉన్నారు. వీధి గోడకూ గోడకూ మధ్య దూరం మాత్రం అంతే.

పేట అంచున దృశ్యం వేరు. ఒకవైపు బందరు రోడ్డు, అంటే 65వ నంబరు జాతీయ రహదారి. బెంజి సర్కిల్ దగ్గర 16వ నంబరు రహదారి దాన్ని దాటుతుంది. అక్కడి పై వంతెనలు 2020లో ఒకటి, 2021లో ఒకటి వాడకంలోకి వచ్చాయి. ఇంకోవైపు ఆటోనగర్, లారీ బాడీలు కట్టే, బండ్లు బాగుచేసే ఊరంత పేట. మోటారు బండ్ల మీద ఇంతమంది బతికే చోటు రాష్ట్రంలో ఇంకోటి చూపించడం కష్టం. పెద్ద రోడ్డు మీద ఇన్నోవా రాజాలా పోతుంది. హైస్కూల్ రోడ్డు మీద నుంచో డొంక రోడ్డు మీద నుంచో ఏదో ఒక సందులోకి తిరిగాకే కొలతలు గుర్తొస్తాయి.

20 అడుగుల వీధి అంటే 6.1 మీటర్లు. ఒక పక్క ఒక క్రిస్టా ఆగి ఉంటే మిగిలేది 4.27 మీటర్లు. ఎదురుగా రెండో పక్కన ఇంకో క్రిస్టా ఆగితే మిగిలేది 2.44. ఆ సందులో అద్దాలతో కలిపి రెండు మీటర్లు దాటే మూడో ఇన్నోవా పోవాలంటే అటూ ఇటూ మిగిలేది 20 సెంటీమీటర్ల లోపే. అదీ బండ్లు గోడకు అంటుకుని ఆగితేనే. కాలువ గట్టు, కరెంటు స్తంభం, గేటు ముందు ర్యాంపు ఉన్న చోట అది కూడా ఉండదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పెద్ద వాహనం వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. లారీ ఛాసిస్ మీద కట్టే అగ్నిమాపక శకటం రెండున్నర మీటర్లకు దగ్గరగా ఉంటుంది. రెండు పక్కలా రెండు పెద్ద బండ్లు ఆగిన 20 అడుగుల వీధిలో 2.44 మీటర్లే మిగిలినప్పుడు ఆ శకటం లోపలికి రాలేదు. రాత్రి పదింటికి మన బండికి చోటు దొరికిందన్న నిశ్చింత మనకుంటుంది. అదే వీధిలో ఏ నాలుగో అంతస్తులోనో గ్యాస్ అంటుకుంటే ఆ నిశ్చింత ఖరీదు వేరేవాళ్ళు కట్టాలి. ఇది నాకు మిగతా లెక్కలన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. మీ వీధిలో బండ్లు ఒకే పక్కన ఆగాలని నలుగురూ కూర్చుని అనుకోవడానికి ఈ ఒక్క అంకె చాలు.

తిప్పుకోవడం సంగతి. కంపెనీలు చెప్పే టర్నింగ్ రేడియస్ క్రిస్టాకు 5.4 మీటర్లు, ఎర్టిగాకు 5.2, ఆల్టో కె10కు 4.5. ఒక్క కటింగ్‌లో యూటర్న్ తిరగాలంటే దానికి రెట్టింపు వెడల్పు కావాలి. ఆల్టోకు 9 మీటర్లు, అంటే 30 అడుగుల రోడ్డు ఖాళీగా ఉంటే అంచుకు అంచు సరిపోతుంది. ఎర్టిగాకు 10.4, క్రిస్టాకు 10.8 మీటర్లు, అంటే 35 అడుగులు దాటింది. పటమట లోపలి వీధుల్లో ఎక్కడా ఇది సులువు కాదు. కాబట్టి ఏడు సీట్ల బండి నడిపేవాళ్ళు సందులోకి వెళ్ళే ముందే అవతల దారి ఉందో లేదో తెలుసుకుని వెళ్తారు. లేకపోతే వచ్చిన దారంతా రివర్స్‌లో రావాలి. 2019 జులై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ రివర్స్ సెన్సర్లు తప్పనిసరి చేశారు కాబట్టి గోడ దగ్గరపడితే బండే కూత పెడుతుంది. నేలకు సమంగా ఉన్న మూత లేని కాలువను, సన్నటి ఇనప చువ్వను సెన్సర్ పట్టుకుంటుందన్న నమ్మకం లేదు. కెమెరా పెట్టించుకున్నా, చీకట్లో ఒక మనిషి దిగి వెనక నిలబడటమే నయం.

సొంత ఇల్లు, పది అడుగుల గేటు ఉన్నవాళ్ళకూ చిక్కు పూర్తిగా తీరదు. వీధికి అడ్డంగా తిరిగి గేటులోకి దూరాలంటే ముందు దాదాపు ఆరు మీటర్ల ఖాళీ కావాలి. వీధి మొత్తమే ఆరు మీటర్లు. ఎదురింటి బండి ఆగి ఉంటే నాలుగు పైచిలుకే. అంటే మీ గేటు మీకు ఉపయోగపడాలా వద్దా అన్నది ఎదురింటివాళ్ళ చేతిలో ఉంది. "అన్నా, బండి కాస్త ముందుకు తీస్తారా" అన్న మాట మొదటి నెలలో నవ్వుతూ అంటాం, ఆరో నెలకు ఆ నవ్వు ఉండదు. ఇక గేటు ముందు రోడ్డు మీద పూలకుండీలూ రాళ్ళూ పెట్టి చోటు ఆపుకోవడం తప్పు. కాంపౌండ్ గోడ దాటాక ఉన్నది అందరి నేల.

పిల్లర్ల మధ్య

పటమటలో పెద్ద బండ్లలో చాలావరకు ఉండేది అపార్టుమెంటు కింద, పిల్లర్ల మధ్యనే. జాతీయ భవన నిర్మాణ స్మృతి ఒక్కో కారుకు 13.75 చదరపు మీటర్లు కేటాయించమంటుంది. కట్టిన చోట చూస్తే చాలా వాటిలో పొడవు ఐదు మీటర్లు మించదు.

రెండు పిల్లర్ల మధ్య ఖాళీ ఐదు మీటర్లు, అందులో రెండు కార్లు అనుకుందాం. రెండు మారుతీ 800లు పెడితే మిగిలే 2.12 మీటర్లు మూడు సందులుగా చీలుతుంది, ఒక్కో సందు 70 సెంటీమీటర్లు. తలుపు తీసి హాయిగా దిగొచ్చు. రెండు క్రిస్టాలు పెడితే ఒక్కో సందు 45. పక్కకు ఒదిగి దిగాలి. రెండు సఫారీలైతే 38. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ ఆ సందులో దిగలేదు, ఎక్కలేదు. చీర తలుపులో పడుతుంది, కర్ర ఆనించడానికి చోటుండదు. ఎవరి కోసమని పెద్ద బండి కొన్నామో వాళ్ళనే గేటు దగ్గర ఎండలో నిలబెట్టి, బండి బయటికి తీసి, అప్పుడు ఎక్కించుకుంటున్నాం.

దీనికి మందు జరుపుడు తలుపులే. కియా కార్నివాల్‌కు అవి ఉన్నాయి. కానీ ఆ బండి వెడల్పు 1,995 మిల్లీమీటర్లు, పొడవు 5,155. ఐదు మీటర్ల చోటులో ముక్కు బయటికొచ్చి పక్కవాళ్ళ దారికి అడ్డం పడుతుంది. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు అదే తరహా టొయోటా సియెన్నాను సుఖంగా వాడుతున్నారంటే, అక్కడి పార్కింగ్ గడి మామూలుగా 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉండటం ఒక కారణం, ఇంటికి గ్యారేజీ ఉండటం ఇంకో కారణం. అక్కడ చూసొచ్చిన బండి ఇక్కడ కొనే ముందు ఈ తేడా తలుచుకోవాలి.

డిక్కీ లెక్క కూడా చూడండి. ఐదు మీటర్ల గడిలో 4,735 మిల్లీమీటర్ల బండి పెడితే మిగిలేది 26 సెంటీమీటర్లు. వెనక తలుపు పైకి లేవడానికీ, మనిషి నిలబడి సామాను దించడానికీ ముప్పావు మీటరైనా కావాలి. గోడవైపు వెనక పెట్టి ఆపితే బియ్యం బస్తా దించే దారి ఉండదు. ఊరు నుంచి సామానుతో వచ్చిన రోజు ముక్కు గోడవైపు పెట్టి ఆపడమే మేలు.

ఇదంతా ఎందుకిలా అయింది? మన రాష్ట్ర భవన నిబంధనల్లో అపార్టుమెంటుకు పార్కింగ్‌ను కట్టిన మొత్తం విస్తీర్ణంలో ఇంత శాతం అని లెక్కిస్తారు. శాతం సరిపోతే ప్లాను సరిపోయినట్టే. ఆ శాతంలో ఎన్ని బండ్లు నిజంగా తిరిగి, నిలబడి, మళ్ళీ బయటికి రాగలవన్నది వేరే లెక్క. 300 గజాల స్థలం తీసుకోండి, అంటే 250 చదరపు మీటర్లు. చుట్టూ వదలాల్సింది వదిలాక కింద 150 మిగిలిందనుకుందాం. లిఫ్టు, మెట్లు, వాచ్‌మన్ గది, మోటారు పోగా 125. పట్టణ ప్రణాళికల మార్గదర్శకాల్లో పిల్లర్ల కింద ఒక్కో కారుకు తిరిగే దారితో కలిపి 28 చదరపు మీటర్లు లెక్కేస్తారు. ఆ ప్రకారం పట్టేవి నాలుగు కార్లు, మహా అయితే ఐదు. పైన ఫ్లాట్లు ఎనిమిదో పదో ఉంటాయి. మిగతావి ఎక్కడ ఆగుతాయో వీధిలోకి వస్తే కనిపిస్తుంది.

ఆ 28 చదరపు మీటర్లను మన కొలతల్లో చెప్పుకుంటే 33 గజాల పైన, సెంటులో మూడింట రెండు వంతులకు మించి. 2020 డిసెంబరు నుంచి రాష్ట్ర ప్రభుత్వం పట్టణాల్లో పేద కుటుంబాలకు పంచిన ఇంటి స్థలం ఒక సెంటు. ఒక సంసారానికి ఇచ్చిన నేలలో మూడింట రెండు వంతులు ఒక కారు నిలబడటానికి కావాలి. పటమటలో గజం ధర మీకు తెలిసిందే వేసి చూడండి, బండి ఖరీదుకు పక్కన ఇంకో ఖరీదు కనిపిస్తుంది. అది మనం కడుతున్నామా, వీధి కడుతోందా అన్నది మాత్రం ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాలి.

ఈ చోటు మీద హక్కు గురించి ఒక మాట. 2010 ఆగస్టు 31న నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు, పిల్లర్ల కింది పార్కింగ్‌ను బిల్డరు ఫ్లాటులా విడిగా అమ్ముకోవడానికి లేదని, అది అందరి ఉమ్మడి స్థలమని చెప్పింది. మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు అయినా పార్కింగ్ పేచీల్లో దేశమంతటా దాన్ని ఎత్తి చూపుతుంటారు. ఫ్లాటు కొనేటప్పుడు "మీకో కారు పార్కింగ్ ఉందండి" అన్న నోటి మాటతో సరిపెట్టుకోకుండా, ఏ పిల్లరుకూ ఏ పిల్లరుకూ మధ్యనో, వెడల్పెంతో, పొడవెంతో కాగితం మీద రాయించుకోవాలి. ఇది గొడవ పెట్టుకోవడం కాదు, రేపటి గొడవ తప్పించుకోవడం.

నేలకన్నా కిందికి దిగే సెల్లార్ ఉంటే ఇంకో జాగ్రత్త. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లు మునిగాయో ఊరంతా చూసింది. వానాకాలంలో నాలుగు రోజులు ఊరెళ్తుంటే బండి తాళాలు ఇంట్లో దాచకుండా నమ్మకమైన వాళ్ళకు ఇచ్చి వెళ్ళాలి.

లోపలి చోటు

ఏడుగురు కూర్చుంటే సామాను ఎక్కడ పెట్టాలి? ఎర్టిగాలో మూడు వరసలూ నిలబెడితే డిక్కీ 209 లీటర్లు. కారెన్స్‌లో 216. క్రిస్టా, హైక్రాస్‌లలో 300. సఫారీ చూడటానికి కొండంత ఉంటుంది, మూడో వరస లేపితే మిగిలేది 73 లీటర్లే. 25 కిలోల బియ్యం బస్తా రమారమి 31 లీటర్ల చోటు తింటుంది. ఎర్టిగాలో ఆరు బస్తాలు, క్రిస్టాలో తొమ్మిది, సఫారీలో రెండు. కంకిపాడు అవతలి పొలం నుంచి ఏడాది బియ్యం తెచ్చుకునే ఇళ్ళు పటమటలో ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి ఈ కొలత మనకు పనికొస్తుంది. ఎర్టిగా సీఎన్‌జీ తీసుకుంటే 60 లీటర్ల సిలిండర్ డిక్కీలోనే కూర్చుంటుంది, ఇక బస్తాల మాట మర్చిపోవాలి.

చోటు ఉన్నంత మాత్రాన బరువు మొయ్యదు. మనిషికి 65 కిలోల చొప్పున ఏడుగురు 455 కిలోలు. ఎర్టిగాలాంటి బండి ఖాళీ బరువు మీద మొయ్యగలిగేది ఇంచుమించు 600 కిలోలు. ఆరు బస్తాలు, 150 కిలోలు వేస్తే అంచుకు వచ్చేశాం. అలాంటి ప్రయాణానికి ముందు డ్రైవరు తలుపు చట్రం మీద ఉన్న పట్టీ చూసి, నిండు బరువుకు చెప్పిన గాలి కొట్టించాలి. చాలామంది ఆ పట్టీని ఒక్కసారి కూడా చదవరు.

నా ఉద్దేశంలో ఏడు సీట్ల బండిని రోజూ ఐదు సీట్ల బండిలా వాడుకోవడమే సరైన వాడకం. మూడో వరస మడిస్తే ఎర్టిగా డిక్కీ 550 లీటర్లవుతుంది, వీల్‌చైరు కూడా పడుతుంది. మూడో వరస లేపేది ద్వారకా తిరుమలకో అన్నవరానికో అందరూ కలిసి వెళ్ళే రోజున. అలాంటి రోజులు ఏడాదికి ఎన్నో నిజాయితీగా రాసి చూసుకుంటే కొన్ని ఇళ్ళకు చిన్న కారు పెట్టుకుని, ఆ రోజులకు ఇన్నోవా అద్దెకు తెచ్చుకోవడమే తేలికని తేలుతుంది. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళో, వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన వాళ్ళో ఉంటే ఆ లెక్క మారిపోతుంది. అలాంటి ఇంటికి పెద్ద బండి అవసరమే.

పన్నులు బండి పొడవును చూస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీలోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40. రెనో ట్రైబర్ పొడవు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ. కొద్ది మిల్లీమీటర్ల తేడాతో గీతకు ఇవతల నిలబడి, ఏడు సీట్లతో 18 శాతంలో ఉంది. దాని మూడో వరస సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. సీట్లుంటే డిక్కీ 84 లీటర్లు, తీస్తే 625. 20 అడుగుల వీధిలో ఉన్న నలుగురు మనుషుల ఇంటికి, అప్పుడప్పుడూ వచ్చే అత్తమామల కోసం, నేనైతే మొదట దాన్నే చూడమంటాను. హైవే మీద ఏడుగురితో దాని 999 సీసీ ఇంజను ఆయాసపడుతుంది, ఆ సంగతీ తెలిసే కొనాలి.

కొన్నాక మాత్రం కొలత అడిగేవాళ్ళు లేరు. టోల్ గేటు దగ్గర ఆల్టోకూ ఇన్నోవాకూ ఒకటే రుసుము. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు వచ్చిన వార్షిక ఫాస్టాగ్ పాసు కూడా అన్ని సొంత కార్లకూ ఒకటే. పారిస్‌లో 2024 ఫిబ్రవరి 4న ఓటు పెట్టి, 1.6 టన్నులు దాటిన బండ్లకు బయటివాళ్ళ పార్కింగ్ రుసుమును మూడింతలు చేశారు. నగరం నడిబొడ్డున గంటకు 18 యూరోలు. జపాన్‌లో 1962 నాటి చట్టం ప్రకారం బండి నిలుపుకునే చోటు ఉందని రుజువు చూపాలి, అదీ ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు. అక్కడి కేయీ అనే చిన్న కార్లు 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పుకు మించకూడదు. మన దగ్గర అలాంటి చట్టం వస్తుందో రాదో గానీ, ఒక అపార్టుమెంటులో పది కుటుంబాలు తమలో తాము ఆ రుజువు అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లర్లకు నంబర్లు, నేల మీద తెల్ల గీతలు, లిఫ్టు పక్కన ఉన్న వెడల్పాటి గడి పెద్దవాళ్ళున్న ఇంటికి, పెద్ద బండ్ల పక్కన చిన్న బండ్లు వచ్చేలా సర్దుబాటు. ఒక క్రిస్టా పక్కన ఆల్టో ఆగితే ఇద్దరికీ తలుపు తీసే చోటు దొరుకుతుంది.

సంక్రాంతికి ఈ సర్దుబాటు మీద బరువు పడుతుంది. హైదరాబాదు నుంచి పంతంగి టోల్ గేటు దాటి వచ్చిన కొడుకుల బండ్లు, కూతుళ్ళ బండ్లు ఒక్కో ఇంటికీ రెండేసి వస్తాయి. ఒకదాని వెనక ఒకటి పెట్టుకోక తప్పదు. కనుమ నాడు ప్రయాణం పెట్టుకోరు కాబట్టి మర్నాడు తెల్లవారుజామున అందరూ ఒక్కసారే బయల్దేరతారు. ఎవరు ఎన్నింటికి వెళ్తారో వాచ్‌మన్ దగ్గర ఒక కాగితం మీద రాసిపెట్టి, కనుమ రాత్రి భోజనాలయ్యాక బండ్లను ఆ వరసలో మార్చుకుంటే, నాలుగింటికి వెళ్ళేవాళ్ళ కోసం మూడో అంతస్తు తలుపు కొట్టాల్సిన పని ఉండదు.